చప్పుడు చెయ్యని డబ్బా

రామ్‌చందర్‌ను దవాఖాన నుంచి ఇంటికి తెచ్చిన రోజు మాదన్నపేటలో వాళ్ల గల్లీకి కరెంటు లేదు. కిరాయికి తెచ్చిన ఆక్సిజన్ మిషన్‌ను ట్రాలీ ఆటోలోంచి దింపి, రేకుల గదిలో మంచం పక్కన పెట్టి, అందరూ కరెంటు కోసం ఎదురుచూస్తూ కూర్చున్నారు. అంతవరకూ చిన్న సిలిండరే ఆధారం. రామ్‌చందర్ తమ్ముడు వైకుంఠం సిలిండర్ మీద ముల్లు దిగుతుండటం చూసి, "ఇట్లయితే నడవదు వదినా. ఇన్వర్టర్ పెట్టాలె" అన్నాడు.

వారం తిరక్కుండా ఇన్వర్టరూ, ఎవరో వాడి అమ్మేసిన బ్యాటరీ ఒకటీ ఇంట్లోకి వచ్చాయి. అది రెండు వేల ఎనిమిది చివర్లో.

రామ్‌చందర్ వయసులో ఉన్నప్పుడు ఫలక్‌నుమా దగ్గర బండలు పాలిష్ పట్టే కార్ఖానాలో పనిచేశాడు. ఆ తెల్లటి దుమ్ము ఎప్పుడో వదిలిపోయిందనుకున్నాడు. తర్వాత తమ్ముడితో కలిసి మైక్‌సెట్ పెట్టుకున్నాడు. పెళ్లిళ్లు, బోనాలు, గణేశ్ మండపాలు, కవాలీలు, మీటింగులు, చావుల దగ్గర భజనలు, అన్నిటికీ వాళ్లే. దుమ్ము మాత్రం ఎక్కడికీ పోలేదనీ, ఊపిరితిత్తుల్లోనే గడ్డకట్టుకుని ఉందనీ, దాని మీద బీడీలు వేరేననీ ఇప్పుడు డాక్టర్లు చెప్పారు. ఇంక చేసేదేమీ లేదు, ఇంట్లో ఉంచి ఆక్సిజన్ ఇవ్వండి, ఉన్నన్నాళ్లు ఉంటాడు అన్నారు.

ఆ ఉన్నన్నాళ్లు ఆయనకు ఎలా గడపాలో తెలియలేదు.

భార్య రుక్మాబాయి తెల్లవారుజామున గుడిమల్కాపూర్ పోయి పూలు తెచ్చుకుని, మాదన్నపేట కూరగాయల మార్కెట్ మూలన కూర్చుని అమ్మేది. కూతురు స్వీటీ దిల్‌సుఖ్‌నగర్లో ఒక ఆఫీసులో పనిచేసేది. అమెరికా డాక్టర్లు రోగుల గురించి చెప్పుకున్న మాటలు చెవుల్లో పెట్టుకుని విని, కంప్యూటర్లో టైపు చెయ్యడం ఆమె ఉద్యోగం. ఇద్దరూ వెళ్లాక ఇంట్లో ఆయనా, గుర్రుమంటూ మిషనూ మిగిలేవారు.

ఒక ఆదివారం కూతురితో అన్నాడు. "స్వీటీ, ఒక్కణ్నే ఉన్నప్పుడు ఈ మిషన్ చప్పుడే ఇంటుంట బిడ్డా. ఎప్పుడాగుతదో అని. వేరే పనేం లేదు నాకు. పొద్దుందాక గదే పని."

"టీవీ పెట్టుకో బాపు."

"టీవీల నాకెవ్వరు ఎర్క?"

ఆయనకు ఎరికైనవాళ్లంతా అటక మీద ట్రంకుపెట్టెల్లో ఉన్నారు. మైకు పెట్టిన ప్రతిచోటా రామ్‌చందర్ యాంప్లిఫయర్ నుంచి ఒక వైరు లాగి టేప్‌రికార్డర్లోకి పెట్టేవాడు. మైకులో ఏది పలికితే అది క్యాసెట్లోకి ఎక్కేది. పెళ్లి మంటపం ఎక్కి సిగ్గుపడుతూ పాడిన మేనత్తలు, బోనాల రాత్రి పోతరాజు కేకలు, హిందీలో మొదలుపెట్టి తెలుగులోకి జారిపోయే లీడర్లు, జాతరలో తప్పిపోయిన పిల్లల గురించి చెప్పే ప్రకటనలు. ఎందుకు పట్టి పెడుతున్నావని ఎవరైనా అడిగితే, "పడి ఉండనీ" అనేవాడు. ఒక్కో క్యాసెట్ మీద ఒక నంబరు వేసేవాడు, అంతే. ఏ నంబర్లో ఏముందో ఆయనకు నోటికి వచ్చు.

వాటిని టేప్‌రికార్డర్లో వేసి వినాలంటే పక్క తిప్పడానికి లేవాలి. లేస్తే ఆయాసం. పైగా సగం క్యాసెట్లకు బూజు పట్టింది. అందుకని స్వీటీ తన గదిలోని పాత కంప్యూటర్‌ను తెచ్చి నాన్న గదిలో పెట్టింది. ఆఫీసులో తీసేస్తుంటే తెచ్చుకున్నది అది, బీరువా అరంత పెద్దది. రోజూ సాయంత్రం ఇంటికి రాగానే క్యాసెట్లను శుభ్రం చేసి, ఒక్కొక్కటే కంప్యూటర్లోకి ఎక్కించడం మొదలుపెట్టింది. ఉదయం పోతూ పోతూ ఎక్కించినవాటిని వరసగా పెట్టి పోయేది.

నాలుగైదు రోజులకే రామ్‌చందర్ వద్దన్నాడు.

"ఏమైంది బాపు? మంచిగ వస్తలేదా?"

"పాటలు మంచిగనే వస్తున్నయి. గని ఆ డబ్బా ఫ్యాను బుర్రుమంటది. ఈ మిషను గుర్రుమంటది. రెండు చప్పుళ్లల్ల నా చప్పుడేదో నాకు తెలుస్తలేదు. ఇది ఆగినా అది నడుస్తుంటే నడుస్తనే ఉన్నదనుకుంట."

అది స్వీటీకి తట్టని సంగతి. అదే వారంలో ఇంకోటి జరిగింది. ఆదివారం మధ్యాహ్నం కరెంటు పోయింది. ఇన్వర్టర్ అందుకుంది, కానీ ఆక్సిజన్ మిషనూ ఆ పెద్ద కంప్యూటరూ కలిసి లాగేసరికి తట్టుకోలేక కీచుమని అరిచి ఆగిపోయింది. స్వీటీ ఇంట్లోనే ఉంది కాబట్టి పరుగెత్తి కంప్యూటర్ వైరు పీకేసి, ఇన్వర్టర్‌ను మళ్లీ వేసింది. ఆ కాసేపట్లోనే రామ్‌చందర్ పెదవులు నీలంగా అయ్యాయి. మిషన్ మళ్లీ గుర్రుమన్నాక కళ్లు మూసుకున్నాడు.

మర్నాడు ఆఫీసులో కంప్యూటర్లు చూసుకునే ఫణికుమార్ దగ్గరకు వెళ్లింది స్వీటీ. ఫణికుమార్ వాళ్లు తెనాలి నుంచి వచ్చి సైదాబాద్‌లో స్థిరపడ్డారు. వాళ్ల నాన్న సర్కారు ఆఫీసులో చేసి రిటైరయ్యాడు. ఫణికుమార్ నిదానస్తుడు, అడిగినదానికంటే కొంచెం ఎక్కువే చెప్పే మనిషి.

"నాకొక కంప్యూటర్ కావాలె సార్. రోజంత నడవాలె. చప్పుడు ఉండొద్దు. వేడి కావొద్దు, మాది రేకుల గది. కరెంటు మస్తు తక్కువ తినాలె" అంది.

"ఏం చేస్తారండీ దాంతో?"

చెప్పింది.

"ఒక పని చెయ్యండి. సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్ ఉంది నా దగ్గర. తెర విరిగింది గానీ మిగతాదంతా పనిచేస్తుంది. దానికి సొంత బ్యాటరీ ఉంటుంది కదా. కరెంటు పోతే మీ ఇన్వర్టర్ మీద పడకుండా దాని బతుకు అది బతుకుతుంది."

"ఫ్యాను ఉంటదా?"

"ఉంటుందండీ. లాప్‌టాపు కదా, వేడెక్కినప్పుడు తిరుగుతుంది. చిన్న చప్పుడే."

"వద్దు సార్. చిన్న చప్పుడు గూడ వద్దు."

ఆ శనివారం ఇద్దరూ కోఠీలో గుజరాతీ గల్లీకి వెళ్లారు. షాపతను రెండు బోర్డులు తెచ్చి గాజు బల్ల మీద పెట్టాడు. రెండూ అరచేతికి కాస్త పెద్దవి. ఒకటి ఆ ఏడే వచ్చిన కొత్త రకం. ఫణికుమార్‌కు అది నచ్చింది. "చూడండి, సినిమాలు కూడా చక్కగా ఆడతాయి దీంట్లో. కరెంటూ తక్కువే" అన్నాడు. రెండోది పాతది, నెమ్మది. దాని మీద ఫ్యాను ఉండాల్సిన చోట అల్యూమినియం రెక్కలు మాత్రం ఉన్నాయి.

"చాలూ కర్‌కే దిఖావ్ భాయ్, దోనోఁ" అంది స్వీటీ.

షాపతను రెండిటికీ కరెంటు ఇచ్చాడు. బజారు రొదలో ఏదీ వినిపించలేదు. స్వీటీ రెండిటినీ షాపు వెనక సామాన్ల గదిలోకి పట్టుకెళ్లి పెట్టమంది. అతను విచిత్రంగా చూసి, పెట్టాడు. ఆమె తలుపు దగ్గరకు వేసుకుని చెవి ఆనించి విన్నది. కొత్తదాని మీద పక్కన బొత్తామంత ఫ్యాను ఒకటి సన్నగా దోమలా పాడుతోంది. పాతది నడుస్తోందో లేదో తెలియలేదు. చెయ్యి పెట్టి చూస్తే గోరువెచ్చగా ఉంది.

"ఇది" అంది బయటికొచ్చి.

"సినిమాలు సరిగా ఆడవు స్వీటీ గారూ. బొమ్మ ఆగి ఆగి వస్తుంది" అన్నాడు ఫణికుమార్.

"మా బాపుకు బొమ్మ వద్దు సార్."

ఆయన ఆఫీసు నుంచి తెచ్చిన చిన్న మీటరు పెట్టి ఎంత కరెంటు లాగుతుందో చూశాడు. ట్యూబ్‌లైటు కంటే తక్కువ. హార్డ్‌డిస్క్ కూడా చిన్నది, లాప్‌టాపుల్లో పెట్టేది, ఎంచుకున్నారు. అన్నీ కలిపి ఒక రేకు డబ్బాలో బిగిస్తే మిఠాయి డబ్బా అంతే అయింది.

ఫణికుమార్ ఇంటికి వచ్చి అమర్చి పెట్టాడు. డబ్బా నుంచి ఒక వైరు రామ్‌చందర్ తలాపున ఉన్న స్పీకరుకూ, ఇంకోటి గోడకు రంధ్రం చేసి ముందు గదిలోని టీవీకీ వేశాడు. మంచం మీదికి నంబర్ల మీటలు మాత్రమే ఉన్న చిన్న పలక ఒకటి ఇచ్చాడు. క్యాసెట్ నంబరు నొక్కితే ఆ క్యాసెట్ మొదలవుతుంది. రుక్మాబాయి ముందు గదిలో భజనలు పెట్టుకోవాలన్నా అదే డబ్బా. "కరెంటు మొత్తానికే పోయి మళ్లీ వచ్చిందనుకోండి, ఎవరూ ముట్టుకోనక్కర్లేదు. తనంతట తనే లేచి, ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి మొదలెడుతుంది. అలా పెట్టాను" అన్నాడు.

రామ్‌చందర్ నంబరు నొక్కాడు. పాట వచ్చింది. పాట కింద ఆక్సిజన్ మిషన్ గుర్రు స్పష్టంగా వినిపించింది. ఆయన వేలు పైకెత్తి స్వీటీకి చూపించాడు, విన్నావా అన్నట్టు.

ఆ తర్వాత మూడు నాలుగు నెలలూ ఆయన మనిషిలా ఉన్నాడు. తిండి కాస్త ఎక్కువ తిన్నాడు. రుక్మాబాయి మధ్యాహ్నం మార్కెట్ నుంచి వచ్చి మంచం పక్కన కూర్చుని మిగిలిన పూలు అల్లుకునేది. ఆయన ఎక్కువగా పెట్టుకునేది పాటలు కాదు, ప్రకటనలు. నీలం చొక్కా, ఖాకీ నిక్కరు, పేరు అడిగితే చింటూ అంటున్నడు, ఈ బాబు తల్లిదండ్రులు ఎవరైనా ఉంటే స్టేజీ కాడికి రావాలె. తర్వాత అదే ఉర్దూలో.

"దొరికిన్రా వాళ్లవ్వ అయ్య?" అని అడిగేది రుక్మాబాయి.

"దొరికిన్రు. వాళ్లవ్వ ఉర్కొచ్చి వానికి రెండు సరిచింది."

"మరి ఎర్ర గౌను పిల్ల?"

"గదే ఎర్కలేదు. ఆమెది మూడుసార్లు చెప్పినం. అప్పటికి క్యాసెట్ అయిపోయింది."

ఎండలు ముదిరాయి. కరెంటు కోతలు పెరిగాయి. రోజూ ఇన్ని గంటలని పేపర్లో వేసేవాళ్లు, అంతకంటే ఎక్కువే తీసేవాళ్లు. పాత బ్యాటరీ మరింత నీరసించింది. స్వీటీ దాన్ని మార్చాలని అనుకుంటూనే ఉంది. కోత ఎక్కువైనప్పుడు చిన్న సిలిండర్ పెట్టేవాళ్లు. అది ఖాళీ అయితే నింపించుకొచ్చే పని వైకుంఠానిది, ట్రాలీ ఆటో ఉన్నది ఆయనకే గనుక.

మే నెలలో రామ్‌చందర్‌కు జ్వరం వచ్చింది. మందులకు తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చింది. ఆ వారం సిలిండర్ ఖాళీ అయింది. వైకుంఠం ట్రాలీలో వేసుకుని వెళ్లాడు. పెళ్లిళ్ల కాలం. అన్న మంచాన పడ్డాక మైక్‌సెట్ పనంతా ఆయనొక్కడే చేసుకుంటున్నాడు. "రేపు తెస్త వదినా" అన్నాడు. మర్నాడూ అదే మాట అన్నాడు.

ఆ తర్వాతి రోజు పొద్దున వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. పెద్ద చప్పుడుతో పేలి, నూనె కారి, నల్లటి పొగ లేచింది. రుక్మాబాయి అప్పుడే మార్కెట్‌లో కూర్చోబోతూ పూలగంప పక్కామె మీద వదిలేసి ఇంటికి వచ్చేసింది. ఇన్వర్టర్ నడుస్తోంది. రోజూ పోయే కోతలాగే కాసేపటికి వస్తుందిలే అనుకుంది మొదట. చాలాసేపటికి, కరెంటువాళ్లు వచ్చి చూసి సాయంత్రం దాకా రాదని చెప్పి వెళ్లారని పక్కింటివాళ్లు చెప్పాక, స్వీటీకి ఫోన్ చేసింది.

స్వీటీ చెవుల్లోంచి వైర్లు తీసేసి లేచి నిలబడింది.

"ఫ్యాన్ బంద్ చెయ్ అమ్మా. లైట్ బంద్ చెయ్. ఫ్రిజ్ తీసెయ్. ఆ చిన్న డబ్బా గూడ బంద్ చెయ్. మిషన్ ఒక్కటే ఉండాలె. కాకకు ఫోన్ చేసినవా?"

"చేసిన. తెస్తున్న అన్నడు."

"నేను వస్తున్న. అన్ని బంద్ చెయ్, గంతే."

"సరే బిడ్డా."

ఆటోలోంచి తనూ బాబాయి వైకుంఠానికి ఫోన్ చేసింది. బండి నడుపుతున్నాడేమో, ఎత్తలేదు. సైదాబాద్ దగ్గర ఏదో ఊరేగింపు అడ్డమొచ్చి ఆటో ఆగిపోయింది. దిగి నడిచింది. నడుస్తూ తల్లికి ఫోన్ చేస్తే పక్కింటామె ఎత్తి, అంబులెన్సుకు చెప్పామనీ, తొందరగా రమ్మనీ అంది. స్వీటీ పరుగెత్తింది.

గల్లీలోకి వచ్చేసరికి గుమ్మం ముందు జనం ఉన్నారు. దారి ఇచ్చారు. రేకుల గదిలో మిషన్ చప్పుడు లేదు. రామ్‌చందర్ కూర్చోవడానికి లేచినట్టు దిండుకు ఆనుకుని ఉన్నాడు, నోరు తెరిచి ఉంది. ముక్కుకు సిలిండర్ గొట్టం పెట్టి ఉంది. వైకుంఠం మంచం పట్టె పట్టుకుని నేల మీద కూర్చున్నాడు. నిండు సిలిండర్ ఆయన పక్కన నిలబడి సన్నగా బుసకొడుతోంది. దాన్ని ఆపాలని ఎవరికీ తోచలేదు. స్వీటీయే వంగి తిప్పేసింది.

ఆమె ఉద్యోగంలో ఇలాంటి వాక్యాలు చాలా టైపు చేసింది. ఎవరో డాక్టరు తొందరగా, ఏ భావమూ లేకుండా చెప్పుకుపోయే వాక్యాలు. ఇప్పుడు ఒక్కటీ గుర్తు రాలేదు. తండ్రి నోరు మూయడానికి ప్రయత్నించింది. మూసుకోలేదు.

సాయంత్రానికి శవాన్ని ముందు గదిలో పడుకోబెట్టారు. చుట్టాలు వచ్చారు. ఫలక్‌నుమా నుంచి కార్ఖానాలో ఒకప్పుడు కలిసి పనిచేసిన ఇద్దరు ముసలివాళ్లు వచ్చి, దగ్గుతూ ఒక మూల నిలబడ్డారు. ఏడ్చేవాళ్లు ఏడుస్తున్నారు. చీకటి పడబోతుండగా కరెంటు వచ్చింది.

ముందుగా రేకుల గదిలో ఆక్సిజన్ మిషన్ కీచుమని కూసి గుర్రుమంది. అందరూ ఉలిక్కిపడ్డారు. తర్వాత కాసేపటికి స్పీకరు లోంచి, గోడ రంధ్రం గుండా టీవీ లోంచి, రెండు గదుల్లోనూ ఒకేసారి పాట మొదలైంది. ఎవరి పెళ్లో. ఆడవాళ్లు వియ్యపురాలిని ఆటపట్టిస్తూ పాడుతున్నారు, వెనక నవ్వులు, చప్పట్లు. పాట మధ్యలోంచి అందుకుంది, ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి.

శవం దగ్గర కూర్చున్న ఆడవాళ్ల ఏడుపు ఆగిపోయింది. ఒకామె చెవులు మూసుకుంది. స్వీటీ లేచి లోపలికి వెళ్లి స్విచ్ ఆపేసింది. ఆపుతున్నప్పుడు అర్థమైంది ఆమెకు. స్విచ్ వేసి ఉంది. పొద్దుటి నుంచీ వేసే ఉంది.

వెనక్కి తిరిగితే తలుపు దగ్గర వైకుంఠం ఉన్నాడు. ఆయనకూ అర్థమైంది.

"ఇది నడుస్తనే ఉండెనా?" అన్నాడు. గొంతు పెరిగింది. "మా అన్నకు గాలి లేక పానం పోతుంటే ఈ డబ్బా కరెంటు తినుకుంట కూసున్నదా? పాటలు ఇన్నదా ఇది?"

"కాకా..."

"నేను వచ్చేసరికి ఇంక జరసేపు ఆగకపోవునా ఆ ఇన్వర్టర్? జరసేపు! నేను గల్లీల తిరిగిన అప్పటికే. ఎవడు తెచ్చిండు దీన్ని? నువ్వు తెచ్చినవ్. కంప్యూటర్ చదువు చదివినవ్. మీ బాపును చంపినవ్."

గదిలో అందరూ విన్నారు. సిలిండర్ నీ బండిలో రెండు రోజులు ఖాళీగా తిరిగింది కదా కాకా అనే మాట స్వీటీ నాలుక చివరిదాకా వచ్చింది. అంటే ఆయన అక్కడే కూలిపోతాడని తెలుసు. అనాలనే ఉంది. తల్లి వైపు చూసింది. రుక్మాబాయి శవం పాదాల దగ్గర తల వంచుకుని కూర్చుని ఉంది. స్వీటీ ఆ మాట అనలేదు.

స్వీటీ తర్వాత లెక్క వేసుకుంది. వేసుకోకుండా ఉండలేకపోయింది. ఆ డబ్బా లాగే కరెంటు మిషన్ లాగేదాంట్లో ఓ మూలకు రాదు. పొద్దుటి నుంచీ ఆపి ఉంచినా మిషన్ ఇంకో పది నిమిషాలు కూడా ఎక్కువ నడిచేది కాదు. మొదట ఆ లెక్క ఆమెకు ఊరటనిచ్చింది. తర్వాత ఆ పది నిమిషాలే పట్టుకున్నాయి.

తండ్రి దినాలు అయ్యాక, రుక్మాబాయి మళ్లీ పూలు అల్లుకుంటుండగా స్వీటీ అడిగింది. "అమ్మా. ఇన్వర్టర్ ఆగినంక కాక ఎంతసేపటికి వచ్చిండు?"

"జరసేపటికి."

"జరసేపంటే ఎంతమ్మా?"

"జరసేపంటే జరసేపే. నేను గడియారం చూసుకుంట కూసున్ననా?"

"ఐదు నిమిషాలా? అర్ధగంటనా?"

రుక్మాబాయి దారం పళ్లతో తెంపింది. తర్వాత పూల మీద నుంచి చూపు ఎత్తకుండానే చెప్పింది.

"నువ్వు చెప్పినట్టే అన్ని బంద్ చేసిన. ఫ్యాను, ఫ్రిజ్జు. ఆ డబ్బా కాడికి పోయి స్విచ్ మీద చెయ్యి వెట్టిన. మీ బాపు నా చెయ్యి పట్టుకున్నడు. వద్దన్నడు."

"మాట్లాడిండా?"

"మాట యాడొస్తది? తల ఊపిండు. గట్టిగ పట్టిండు."

"నిజంగనా అమ్మా?"

"నీతోని అబద్ధం ఎందుకాడుత?"

స్వీటీ తల్లి మణికట్టు వైపు చూసింది. అక్కడ ఏమీ లేదు, ఉండదు కూడా. ఆ జ్వరంలో, అంత ఆయాసంలో ఆయన చెయ్యి చాపి గట్టిగా పట్టుకోగలడా అని ఆలోచించింది. పట్టుకునే ఉండొచ్చు. లేదా తల్లి కంగారులో ఆ ఒక్కటి మర్చిపోయి ఉండొచ్చు. లేదా కూతురి మీద పడ్డ నింద ఆయన మీదికి తిప్పేస్తే, చచ్చిపోయిన మనిషికి బరువేముందని అనుకుని ఉండొచ్చు. ఇంట్లోని ముగ్గురిలో ఇద్దరికే తెలిసిన సంగతి అది. ఒకరు లేరు. స్వీటీ మళ్లీ ఎప్పుడూ అడగలేదు.

ఫణికుమార్ పలకరించడానికి వచ్చినప్పుడు మాత్రం అడిగింది. "మీరు చెప్పిన లాప్‌టాప్ తీసుకుని ఉంటే ఇన్వర్టర్ మీద బరువు పడకపోతుండె కదా సార్?"

ఆయన ముఖం మాడిపోయింది. "దాని బ్యాటరీ కూడా పాతదేనండీ. అరగంట ఆగేది కాదు. తర్వాత దాన్ని నింపుకోవడానికి ఇంకా ఎక్కువే లాగేది" అన్నాడు. ఆ మాట నిజమే అయ్యుండొచ్చు. కానీ అప్పుడు గుజరాతీ గల్లీకి పోకముందు ఆయన ఆ సంగతి చెప్పలేదు. చెప్పలేదని ఇద్దరికీ గుర్తుంది.

ఆక్సిజన్ మిషన్‌ను కిరాయివాళ్లు వచ్చి తీసుకెళ్లారు. రేకుల గదిలో మంచం ఎత్తేశారు. స్వీటీ డబ్బాను అమ్మేద్దామంది. రుక్మాబాయి వద్దంది. మార్కెట్ నుంచి రాగానే ఏదో ఒక నంబరు నొక్కి, పూలు ముందేసుకుని కూర్చునేది. నంబర్లలో ఏముందో ఆమెకు తెలియదు. ఏది వస్తే అది వినేది. కోతల వేళ కరెంటు పోయినా పాట ఆగేది కాదు. పాత బ్యాటరీకి ఇప్పుడు ఆ డబ్బా ఒక్కటే బరువు. మధ్యాహ్నమంతా నడిపినా ఇన్వర్టర్ కూత కూడా కూసేది కాదు. స్వీటీ సెలవు రోజుల్లో ఆ చప్పుడు భరించలేక బయటికి వెళ్లిపోయేది. కొన్నాళ్లకు ఆదివారాలు కూడా పని అడిగి తీసుకోవడం మొదలుపెట్టింది.

వైకుంఠం ఆ ఇంటి గడప తొక్కలేదు. ఆషాఢం వచ్చింది. బోనాలకు మైకు కావాలని ఎవరూ ఆయన దగ్గరకు రాలేదు. అందరూ పెద్ద పెద్ద బాక్సులు పెట్టే కొత్తవాళ్ల దగ్గరకు పోతున్నారు. ఒకరోజు పొద్దున ట్రాలీ తెచ్చి వాకిట్లో ఆపాడు. అటక మీదున్న మైకు గొట్టాలు, రెండు యాంప్లిఫయర్లు తీసుకుపోతానన్నాడు. పాత ఇనుము కింద అమ్మేస్తానని చెప్పాడు. రుక్మాబాయి మార్కెట్‌కు పోయి ఉంది. స్వీటీ ఆఫీసుకు బయల్దేరబోతూ ఆగి, అటక ఎక్కి ఒక్కొక్కటే అందించింది.

చివరి గొట్టం ట్రాలీలో వేశాక ఆయన చేతులు దులుపుకుని గుమ్మంలోకి వచ్చాడు. రేకుల గది లోపలికి చూశాడు. డబ్బా గూట్లో ఉంది. వెలుగుతున్న చిన్న పచ్చ దీపం తప్ప అది నడుస్తున్నట్టే తెలియదు.

"స్వీటీ. గది ఎంత కరెంటు తింటది? నిజం చెప్పు."

"ట్యూబ్‌లైట్ కంటే తక్కువ కాకా."

"బంద్ చేసుంటే ఎంతసేపు నడుస్తుండె మిషను?"

"పది నిమిషాలు గూడ కాదు."

ఆయన నోట్లో లెక్కపెట్టుకుంటున్నట్టు పెదవులు కదిపాడు. తర్వాత గుమ్మం మెట్టు మీద కూర్చుండిపోయాడు.

"ఆ రోజు పొద్దుగాల లాల్‌దర్వాజల పెళ్లి సామాను దింపాలె. అది దింపి పోదామనుకున్న. ముందురోజే నింపిస్తె అయిపోవు. ఎదురుంగనే ఉండె దుకాణం. బండి ఆపబుద్ధి కాలె. రేపు చూద్దాం అనుకున్న." ఆయన తల పైకెత్తాడు. "నేను ఆపుంటే అన్న ఉండేటోడా బిడ్డా?"

ఆయన ఏం వినాలనుకుంటున్నాడో స్వీటీకి తెలుసు. జ్వరం ముదిరిపోయింది కాకా, ఆ రోజు కాకుంటే ఇంకో రోజు అని ఒక్క మాట చాలు. డాక్టర్లు అన్నదీ అదే. ఆ మాట కోసమే ఆయన ఇన్నాళ్లకు గడప దాకా వచ్చాడు, ఇనుము కోసం కాదు. తనను అందరి ముందు అన్న మాట కూడా ఆయనకు గుర్తుందనీ, దాన్ని వెనక్కి తీసుకోవడం చేతగాక ఇలా అడుగుతున్నాడనీ ఆమెకు అర్థమైంది.

నోరు తెరిచింది. ఆ మాట అబద్ధం కాదు, అయినా నోటికి రాలేదు.

"ఏమో కాకా" అంది చివరికి. "నాకెర్కలేదు."

వైకుంఠం తలూపాడు. మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచాడు. ట్రాలీ స్టార్ట్ చేస్తే మొదటిసారి అందుకోలేదు, రెండోసారి అందుకుంది. గల్లీ గతుకుల్లో మైకు గొట్టాలు ఒకదానికొకటి కొట్టుకుంటూ పోయాయి. స్వీటీ తలుపుకు తాళం వేసి, చేతి సంచి భుజాన వేసుకుని బస్టాపు వైపు నడిచింది.